రెండు దుప్పట్లు ఎక్కువ

జూన్ 1, సోమవారం

మనవరాలికి,

నీ పోయిన ఉత్తరంలో పదకొండు వాక్యాలున్నాయి. అందులో నాలుగు "నేను బాగున్నాను" అన్నవే. మూడు ఎండ గురించి. నేను ముప్ఫై నాలుగేళ్ళు పరీక్షల ఆఫీసులో మార్కులు కూడిన మనిషిని. రాయడానికి ఏమీ లేనివాళ్ళు పేజీ ఎలా నింపుతారో నాకు కొత్తగా చూపించక్కర్లేదు.

అసలు సంగతికి వస్తాను. శనివారం మీ సంస్కరణ పాఠశాల నుంచి ఒక ఫారం వచ్చింది. ఇలాంటి పాఠశాలలు తప్పు చేసిన పిల్లల్ని ఎంతవరకు బాగుచేస్తున్నాయో తేల్చడానికి ఒక కమిటీ వేశారట. ప్రతి పిల్ల ఇంటికీ ఇరవై ప్రశ్నలు పంపారు. చివర ఒక గడి ఉంది: "బిడ్డను తిరిగి ఇంటికి తీసుకోవడానికి సమ్మతమేనా?" అందులో నా సంతకం జులై పదిలోపు అందితే నిన్ను ఆ నెలలోనే వదులుతారు. అందకపోతే కమిటీ మళ్ళీ కూర్చునేది నవంబరులో. మీ అమ్మానాన్నల ఓడ తీరం చేరడానికి ఇంకా ఏడు నెలలుంది. వాళ్ళిద్దరూ ఆ ఓడలో వంట పని మధ్యలో వదిలి రాలేరు. కాబట్టి సంతకం నాదే.

నేను చూడకుండా సంతకం పెట్టను. మొదటి ప్రశ్నే "మీ బిడ్డలో మార్పు వచ్చిందా?" అని. నిన్ను చూసి మూడు నెలలైంది. పదకొండు గంటల బస్సు ప్రయాణం నా మోకాళ్ళకి వద్దని డాక్టరు అన్నాడు. చూడని పిల్లలో మార్పును ఏ కళ్ళతో చూడను?

నువ్వు చేసింది నేను మరిచిపోలేదు. స్నేహితురాలు లెక్కల్లో తప్పిందని బడి ఆఫీసు తాళం విరగ్గొట్టి రిజిస్టరులో దాని మార్కు దిద్దావు. ఒక్కటే దిద్దితే అనుమానం వస్తుందని మిగతా ముప్ఫైమందికీ తలా కాస్త వడ్డించావు. పారిపోతూ కాపలాదారును తోశావు. మెట్ల మీద పడి ఆయన మణికట్టు విరిగింది. నిన్ను అక్కడికి పంపింది ఆ మణికట్టు కోసం. నాకు మాత్రం ఆ రిజిస్టరు కూడా నిద్ర పట్టనివ్వదు.

అందుకని ఇకమీదట ప్రతి ఉత్తరంలో నీ పనిలోంచి లెక్కలు రాయి. పొగడ్తలూ వర్ణనలూ వద్దు. అంకెలు చూసి నేనే తేల్చుకుంటాను.

ఫారం బల్ల మీద, ఖాళీగా ఉంది.

నీ నానమ్మ

&nbsp;

జూన్ 6, శనివారం

అంకెలు తప్ప మరేదీ నమ్మని నానమ్మకి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ పద్ధతి ఏమిటంటే, లోపలికి వచ్చే ఉత్తరాల్ని విప్పి, దులిపి, ఏమీ రాలకపోతే మాకిచ్చేస్తారు. చదవరు. బయటికి వెళ్ళేవి మాత్రం సూపరింటెండెంటు సారు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతారు. కాబట్టి ఈ ఉత్తరంలో అక్కడక్కడా ఆయనతో కూడా మాట్లాడతాను, నువ్వేం అనుకోకు. (సార్, నమస్కారం.)

లెక్కలు కావాలన్నావు, తీసుకో. నన్ను లాండ్రీ గదిలో పెద్దను చేశారు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. "తాళం పగలగొట్టిన పిల్లకి తాళంచెవి ఇస్తే పగలగొట్టే పని తప్పుతుంది" అన్నారు బట్టల టీచరమ్మ. ఆవిడ మాటలు అలాగే ఉంటాయి. మొత్తం నాలుగు గదులు, గదికి పది మంచాలు. ఒక్కో మంచానికి పరిచేది ఒకటి, కప్పుకునేది ఒకటి. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకో గది దుప్పట్లు ఉతుకుతాం. శుక్రవారం తువ్వాళ్ళు. ఈ వారం తాడు మీద ఆరేసినవి: సోమ 20, మంగళ 20, బుధ 22, గురు 22. సబ్బు బిళ్ళలు తొమ్మిది. నా వేళ్ళ మీద తోలు లేచిన చోట్లు మూడు.

మంగళవారం మా గదికి కొత్తగా ఒక పిల్ల వచ్చింది. పదకొండేళ్ళట గానీ ఎనిమిదేళ్ళ దానిలా ఉంటుంది. మంచం మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు. మా గదిలో గుమ్మటం అని ఒకతి ఉంది, ఒళ్ళూ గొంతూ రెండూ పెద్దవే. అది చూడగానే "ఏయ్, దీన్ని ఎవరు జేబులోంచి జారవిడిచారే?" అంది. అప్పట్నుంచి ఆ పిల్ల పేరు పిచ్చుక.

కాపలా తాత చెయ్యి ఎలా ఉంది? నేను అడిగానని ఆయనతో అనకు. అంటే అను. నీ ఇష్టం.

పిడుగు

&nbsp;

జూన్ 10, బుధవారం

మనవరాలికి,

ఈసారి ఉత్తరం ఉత్తరంలా ఉంది. దస్తూరీ మాత్రం నడుస్తూ రాసినట్టుంది.

కాపలాదారు చేతి కట్టు విప్పారు. సాయంత్రాలు మన ఇంటికి చదరంగం ఆడటానికి వస్తున్నాడు. ఆ చేత్తో నిండు చెంబు ఎత్తి చూపించాడు. అంతవరకు సంతోషం. కానీ ఆయన ఆటలో మోసం చేస్తాడు. నేను కళ్ళజోడు తుడుచుకునే లోపల గుర్రం ఒక గడి జరుగుతుంది. పదకొండు ఆటల్లో నాలుగుసార్లు పట్టుకున్నాను. "అమ్మగారూ, చెయ్యి వణికి జరిగిందండీ" అంటాడు. విరిగింది కుడి చెయ్యి, జరుపుతోంది ఎడమ చేత్తో! నీ క్షమాపణ నువ్వే ఆయనకి రాయి. నేను మధ్యవర్తిత్వం చెయ్యను.

ఫారంతో పాటు మీ పాఠశాల గొప్పలు అచ్చు వేసిన కాగితం ఒకటి పంపారు. "ఇక్కడి నుంచి వెళ్ళినవారిలో నూటికి తొంభైమంది మళ్ళీ తప్పు దారి పట్టలేదు" అని పెద్ద అక్షరాలతో వేశారు. నూటికి తొంభై! ఎంతమందిని వెతికి చూశారు? కనపడనివాళ్ళని బాగుపడినవాళ్ళలో కలిపేశారా? పరీక్షకి రాని పిల్లని నేను ఏనాడూ పాసైనవాళ్ళ జాబితాలో రాయలేదు.

ఇక నీ లెక్క. పది మంచాలు, మంచానికి రెండు. అంటే ఇరవై. బుధవారం, గురువారం ఇరవై రెండు వచ్చాయి. ఆ రెండు ఎవరివి?

నీ నానమ్మ

&nbsp;

జూన్ 14, ఆదివారం

కళ్ళజోడు తీసినా అన్నీ కనిపించే నానమ్మకి,

ఆ రెండూనా? లెక్క తప్పి ఉంటాను. తాడు చివర మలుపు దగ్గర రెండుసార్లు లెక్కపెట్టి ఉంటాను. అంతే.

ఈ వారం: సోమ 22, మంగళ 22, బుధ 20, గురు 22. సబ్బు బిళ్ళలు పది.

నూటికి తొంభై గురించి నువ్వడిగినది అందరికీ చదివి వినిపించాను. పడీ పడీ నవ్వారు. (సార్, "ఎంతమందిని వెతికి చూశారు?" అని అడుగుతోంది మా నానమ్మ. నేను కాదు.) నన్నడిగితే, ఎవరు మారారో ఎవరు మారలేదో మాకే తెలీదు నానమ్మా. ఇళ్ళకి ఫారాలు వెళ్ళాయని తెలిసిన రోజు నుంచి ఇక్కడ అందరం దేవతలమే. గుమ్మటం అన్నం తినే ముందు కళ్ళు మూసుకుంటోంది. "ఏంటే అది?" అంటే, "ఎవరైనా చూస్తున్నారేమోనని" అంది. నాకు మాత్రం బట్టల టీచరమ్మ దగ్గర మారినట్టు అనిపిస్తుంది. ఆవిడ మమ్మల్ని మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ అనదు. "నీళ్ళు సరిగ్గా పిండావా లేదా" అంటుంది, అంతే. దానికి జవాబు చెప్పగలం.

మంగళవారం సాయంత్రం పాల బండి రాలేదు. పడుకునే ముందు ఇచ్చే గ్లాసుడు పాలు లేవు. నలభైమంది గిన్నెలు వాయించాం. సారు బయటికొచ్చి, "ఇంత తాళం తప్పకుండా వాయించడం ఎవరు నేర్పారు?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయారు.

తాతకి రాసిన కాగితం ఇందులో పెట్టాను. మడత విప్పకుండా ఇవ్వు.

పిడుగు

&nbsp;

జూన్ 18, గురువారం

మనవరాలికి,

కాగితం విప్పకుండానే ఇచ్చాను. ఆయన నా ఎదురుగా చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ఆ రోజు ఒక్కసారి కూడా మోసం చెయ్యకుండా ఓడిపోయాడు. ఏం రాశావో నేను అడగలేదు.

ఇప్పుడు కఠినంగా మాట్లాడాలి. తాడు మలుపు దగ్గర లెక్క తప్పానన్నావు. ఒకరోజు తప్పొచ్చు. రెండు వారాల్లో ఐదు రోజులు, ఐదుసార్లూ సరిగ్గా రెండే తప్పవు. తప్పు అనేది అంత క్రమశిక్షణగా ఉండదు. కాబట్టి రెండు దుప్పట్లు నిజంగానే ఎక్కువ ఉన్నాయి. అవి ఎవరివో నీకు తెలుసు. నాకు అబద్ధం చెప్పావు.

నాకు ఒకే ఒక్క కారణం తోస్తోంది. కమిటీ ముందు నీ గురించి చెప్పేది మీ టీచర్లు. తాళంచెవి నీ చేతిలో ఉంది. వాళ్ళ ఇంటి దుప్పట్లు చాటుగా ఉతికిపెట్టి మంచి మాట కొనుక్కుంటున్నావా? అదే అయితే రిజిస్టరు దిద్దిన పిల్లవి నువ్వింకా అక్కడే ఉన్నావు, చేతిలో కలం బదులు సబ్బు పట్టుకుని. ఆ పాఠశాల నీకు నేర్పింది బట్టలు ఉతకడం ఒక్కటే అనుకోవాలి.

నిజం రాయి. రాసేదాకా ఫారం మీద నా కలం ఆనదు.

నానమ్మ

&nbsp;

జూన్ 23, మంగళవారం

నానమ్మకి,

నేను ఎవరి మాటా కొనుక్కోవడం లేదు. టీచర్ల దుప్పట్లు ఉతుకుతున్నానని నువ్వు అనుకున్నావు, అనుకో. ఆ రెండు ఎవరివో చెప్పను. చెప్పకూడదు. ఈ వారం లెక్కలు రాయను. తప్పుడు లెక్క రాయడం నాకిప్పుడు చేతకావడం లేదు, నిజం లెక్క రాస్తే నువ్వు ఊరుకోవు.

సంతకం పెట్టకపోతే పెట్టకు.

నీ మనవరాలు

*అమ్మగారికి నమస్కారం. ఉత్తరాలు చదవడం నా ఉద్యోగం, జవాబులు రాయడం కాదు. అయినా కింద ఇంత చోటు ఉంది గనక రాస్తున్నాను. ఇక్కడ పిల్లలు సిబ్బంది దుప్పట్లు ఉతకరు. నావి నేనే ఉతుక్కుంటాను, ప్రతి ఆదివారం, అంత బాగా కాదు. నూటికి తొంభై గురించి మీ ప్రశ్న చదివాక పాత దస్త్రం తీసి చూశాను. ముప్ఫైమందికి ఉత్తరాలు రాశారు. పదిమంది జవాబిచ్చారు. వారిలో తొమ్మిదిమంది క్షేమం. మిగతా ఇరవైమంది సంగతి మాకు తెలియదు. కమిటీకి ఈ మాట నేనే చెబుతాను. ఇరవై రెండు దుప్పట్ల సంగతి మాత్రం నేను విచారించను. విచారిస్తే తెలిసిపోతుంది కదా. - సూపరింటెండెంటు*

&nbsp;

జూన్ 29, సోమవారం

పిడుగుకి,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. నేను రాసే ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకుంటానని నీకు తెలుసు. దీనికి ఉంచుకోలేదు.

మీ సూపరింటెండెంటు రాసిన ఆఖరి మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. విచారిస్తే తెలిసిపోతుందట! తెలుసుకోవలసిన నేరమైతే ఆయన అలా రాయడు. అందుకని నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి తేదీలు వరసగా రాసుకున్నాను. జూన్ రెండున మీ గదికి ఒక పిల్ల వచ్చింది. మూడో తేదీ నుంచి ఇరవై రెండు. తొమ్మిదో తేదీ రాత్రి పాలు లేవు. పదో తేదీ ఇరవై. పదకొండున మళ్ళీ ఇరవై రెండు.

నేను ఇది మొదటిసారే చూసి ఉండాల్సింది. ఆ పిల్ల రాత్రి పక్క తడుపుతోంది. నలభైమందిలో ఆ సంగతి బయటపడితే దాని బతుకు ఏమవుతుందో నీకు తెలుసు. గుమ్మటం లాంటిది నోరు విప్పితే చాలు. అందుకని గంట కొట్టకముందే లేచి, ఆ రెండూ తీసి, పొడివి వేసి, తడిసినవి ఉతికి తాడు మీద మిగతావాటిలో కలిపేస్తున్నావు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి ఉంటావు. నీ ఉత్తరాలు సారు చదువుతారు గనక నాకూ రాయలేకపోయావు. అంతా దాచావు. లెక్క మాత్రం రాయమన్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాశావు. దాచడం వచ్చిన మనిషైతే ఇరవై అని రాసేది.

నేను నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. క్షమాపణ అడగడం నాకు పెద్దగా అలవాటు లేదు, దస్తూరీ వంకర పోతే ఏమీ అనుకోకు.

ఇంకొకటి చెబుతాను. మీ నాన్న తొమ్మిదేళ్ళు వచ్చేదాకా పక్క తడిపేవాడు. నీకు తెలిసినట్టు వాడికి తెలియనివ్వకు. సిగ్గుపడితే మానుకుంటాడని నేను ఆ దుప్పటి వీధివైపు తాడు మీద ఆరేసేదాన్ని. క్యాలెండరులో గుర్తు పెట్టేదాన్ని. ఏడాదిలో నూట పద్నాలుగు గుర్తులు. అవి తగ్గలేదు. వాడు బడికి వీధిలోంచి వెళ్ళడం మానేసి వెనక సందులోంచి వెళ్ళడం మొదలుపెట్టాడు. నా లెక్కలో తప్పు లేదు. తప్పు లెక్కలో లేకుండా ఇంట్లో ఉంటుందని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. నీలాంటిది ఒకతి అప్పుడు ఆ ఇంట్లో లేకపోయింది.

దీనికి జవాబు రాయొద్దు. ఇచ్చిన మాట నా కోసం తప్పొద్దు.

నీ నానమ్మ

&nbsp;

జులై 3, శుక్రవారం

నానమ్మకి, మా బంగారు నానమ్మకి,

నీ ఉత్తరం అందింది. అందులో ఏముందో రాయను. నేనేం చేశానో కూడా రాయను. లాండ్రీ గదిలో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుతూ ఏడుస్తుంటే బట్టల టీచరమ్మ వచ్చి, "సబ్బు నురగ కళ్ళలో పడిందా?" అంది. అవునన్నాను. "రెండు కళ్ళలోనూనా? అబ్బో, పనిమంతురాలివే" అని వెళ్ళిపోయింది. (సార్, ఇందులో మీకు పనికొచ్చేది ఏమీ లేదు. ఎంత వెతికినా లేదు.)

తాత నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది. "చెయ్యి బాగుంది. మీ నానమ్మ దగ్గర గెలవడం ఎలాగో చెప్పు" అని. నాకు తెలిస్తే కదా!

ఇప్పుడు ఒక సంగతి. చాలా ఆలోచించి రాస్తున్నాను. నువ్వు ఫారం మీద సంతకం పెట్టకు. నేను వెళ్ళిపోతే ఇక్కడ ఒక పని ఆగిపోతుంది. తాళంచెవి గుమ్మటానికి ఇస్తారు. అది పొద్దున గంట కొట్టాక కూడా లేవదు. లేచినా దాని నోట్లో మాట నిలవదు. నాకు ఇల్లు గుర్తురాక కాదు. మన వంటింటి కిటికీ, నువ్వు కలం విదిలించే చప్పుడు, అన్నీ గుర్తొస్తున్నాయి. కానీ నవంబరు దాకా ఉంటాను. నాలుగు నెలలే కదా. అప్పటికి ఆ పని దానంతటదే అవసరం లేకుండా పోవచ్చు.

కోప్పడకు.

పిడుగు

&nbsp;

జులై 7, మంగళవారం

పిడుగుకి,

కోప్పడ్డాను. ఒక పూటంతా కోప్పడ్డాను. తర్వాత కూర్చుని ఫారం నింపి, సంతకం పెట్టి, రిజిస్టరు పోస్టులో పంపేశాను. ఇవాళ పొద్దున పది ఇరవైకి. రసీదు నా దగ్గరుంది.

పదహారేళ్ళ పిల్ల ఇంకో పిల్ల కోసం నాలుగు నెలలు తాళం వెనక ఉంటానంటే ఏ పెద్దవాళ్ళూ ఒప్పుకోకూడదు. అది నీ మంచితనం. దాన్ని వాడుకోవడం మా సోమరితనం అవుతుంది. నువ్వు పొద్దున్నే లేచి మోస్తున్న పని నీది కాదు, ఆ పాఠశాలది. వాళ్ళది వాళ్ళకి అప్పజెప్పే దారి చూశాను.

ఏం రాశానో చెబుతాను. "మార్పు వచ్చిందా?" అన్న దగ్గర, "వచ్చింది. ఎంత అంటే చెప్పలేను. చేరిన రోజున ఎవరూ కొలిచి పెట్టలేదు. ఇకమీదట కొలవండి" అని రాశాను. "నిజం చెబుతుందా?" అన్నదానికి చాలాసేపు ఆలోచించాను. "నాకు ఒక అబద్ధం చెప్పింది. అది చెప్పిన తీరు ఎంత చేతకానితనంగా ఉందంటే, అబద్ధాల అలవాటు తప్పిపోయిందని నమ్ముతున్నాను" అన్నాను. "పెద్దల ఆజ్ఞ పాటిస్తుందా?" అన్న చోట "నాకే ఆజ్ఞలు ఇస్తోంది" అని రాసి కొట్టేద్దామనుకుని ఉంచేశాను. మీ పాఠశాలకి నూటికి అరవై మూడు మార్కులు వేశాను. బట్టల టీచరమ్మకీ, తన దస్త్రం తనే తప్పని ఒప్పుకున్న ఆ సూపరింటెండెంటుకీ వేసినవే అందులో ఎక్కువ. నా చేతిలో అరవై దాటడం తేలిక కాదని ఆయనతో చెప్పు.

చివర "సూచనలు" అని నాలుగు గీతలు వదిలారు. అక్కడ ఇలా రాశాను: "రోజూ తెల్లవారగానే, గంటకి అరగంట ముందు నుంచే లాండ్రీ గది తెరిచి ఉంచాలి. ప్రతి పిల్లా, ఏ ఒక్కరికీ మినహాయింపు లేకుండా, తన పక్క మీది దుప్పట్లు తానే ఉతికి ఆరేసుకోవాలి." కారణం "వ్యక్తిగత శుభ్రత, క్రమశిక్షణ" అని పెట్టాను. ఆఫీసుల్లో ఆ రెండు మాటలకి అడ్డం చెప్పినవాణ్ణి నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

ఎనభై దుప్పట్లు ఒక్కసారిగా నీళ్ళలో మునిగిన చోట ఏది ముందే తడిసి వచ్చిందో ఎవరు చెప్పగలరు?

ఆ పిల్ల పేరు గాని, గది నంబరు గాని ఎక్కడా రాయలేదు. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకోకపోతే ఇంకో ఉత్తరం రాస్తాను. నా దగ్గర కాగితాలకి కొదవ లేదు.

నీ నానమ్మ

&nbsp;

జులై 18, శనివారం

నానమ్మా, నానమ్మా, నానమ్మా,

ఒక్కసారి రాస్తే సరిపోదని మూడుసార్లు రాశాను. వదిలేస్తున్నారు! శుక్రవారం, ఇరవై నాలుగున పొద్దున పదకొండింటికి. విడుదల ఉత్తర్వు వచ్చిన పిల్లల ఉత్తరాలు చదవకుండా పంపడం ఇక్కడి నియమమట. సారు నా ఎదుటే కవరు అంటించి, "ఇక నుంచి నాకు పొద్దుపోవడం కష్టమే" అన్నారు. అరవై మూడు మార్కుల సంగతి చెప్పాను. "ఫస్టు క్లాసే కదా" అన్నారు.

ఇప్పుడు ఇది ఎవరూ చదవరు. ఏమైనా రాసెయ్యొచ్చు. అయినా ఆ విషయం రాయను నానమ్మా. మాట మాటే. మిగతావన్నీ చెబుతాను.

సోమవారం ఉదయం సారు అందర్నీ వరండాలో నిలబెట్టి కొత్త పద్ధతి చదివారు. "అనుభవజ్ఞురాలైన ఒక నిపుణురాలి సూచన మేరకు" అన్నారు. తర్వాత వచ్చింది చూడు మాట! గుమ్మటం రెండు చేతులూ ఎత్తి, "ఎవరే ఆ నిపుణురాలు? దాని చేతులు కాయలు కాయ! దాని తాడు మీద ఒక్క దుప్పటీ ఆరకుండా పోనూ!" అని శపించింది. "దాని ఇంటి కుళాయి ఎప్పుడూ కారుతూనే ఉండ" అని ఇంకొకతి. "దానికి మనవరాళ్ళుంటే వాళ్ళూ ఇలాగే ఉతుక్కోవాలి" అని మరొకతి. నేను కూడా తిట్టాను నానమ్మా. అందరూ తిడుతుంటే నేనొక్కదాన్నే ఊరుకుంటే అనుమానం రాదూ? చాలా పెద్ద తిట్టే తిట్టాను. ఇంటికొచ్చాక చెవిలో చెబుతాను.

కానీ మంగళవారం నుంచి చూడాలి లాండ్రీ గది. చోటు చాలక తొట్టెల చుట్టూ మోచేతులతో పొడుచుకుంటున్నారు. నీళ్ళు చిమ్ముకుంటున్నారు. గుమ్మటం నిద్రకళ్ళతో ఒక దుప్పటి రెండుసార్లు ఉతికి, రెండోది ఉతక్కుండానే ఆరేసింది. దుప్పటి పిండటానికి ఇద్దరు కావాలి కదా. అది అటూ ఇటూ చూసి, అందరికంటే చిన్నదాన్ని పిలిచి, "ఒసే పిచ్చుకా, ఆ కొస పట్టుకో. గట్టిగా పట్టుకోకపోతే నువ్వు కూడా పిండుకుపోతావు" అంది. ఆ పిల్ల కొస పట్టుకుని మెలితిప్పుతూ మెలితిప్పుతూ తనే గిర్రున తిరిగి తొట్టెలో పడింది. పడి నవ్వింది. వచ్చిన నలభై రోజుల్లో దాని నవ్వు వినడం మేమందరం అదే మొదటిసారి. దాని ఒంటికంటే పెద్దది ఆ నవ్వు.

ఇప్పుడు నేను పొద్దున అందరితో పాటే లేస్తున్నాను. ఏమీ తోచడం లేదు.

నువ్వు రాకు. మోకాళ్ళు జాగ్రత్త. బట్టల టీచరమ్మ నన్ను బస్సు ఎక్కిస్తానంది.

నీ పిడుగు

&nbsp;

జులై 20, సోమవారం

పిడుగుకి,

వస్తున్నాను. ఈ విషయంలో చర్చ లేదు.

డాక్టరుతో మాట్లాడాను. "ఇంత దూరం ఎందుకమ్మా, ఎవరినైనా పంపకూడదా?" అన్నాడు. నూట పద్నాలుగుసార్లు ఒక పిల్లాడి దుప్పటి వీధిలో ఆరేసిన మనిషి, ఒక్కసారి ఒక పిల్లని తీసుకురావడానికి కూడా ఇంకొకర్ని పంపుతుందా? ఆ మాట ఆయనతో అనలేదు. రెండు మాత్రలు అడిగి తీసుకున్నాను. కాపలాదారు తోడు వస్తానన్నాడు. దారిలో చదరంగం వద్దని ముందే చెప్పాను. బస్సు కుదుపుకి గుర్రాలు వాటంతటవే జరిగితే ఆయన్ని ఏమీ అనలేను.

మీ అమ్మానాన్నలకి ఓడకి కబురు పంపాను. మీ నాన్న నుంచి జవాబు వచ్చింది. "అమ్మా, నువ్వే వెళ్తున్నావా? నువ్వే?" అని రెండుసార్లు అడిగాడు. వాడికి ఒక పెద్ద ఉత్తరం రాయాల్సి ఉంది. వచ్చాక నీ సాయంతో రాస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు, నీకు తెలుస్తుంది.

నన్ను శపించినవాళ్ళందరికీ నా ఆశీస్సులు. చేతులు కాయలు కాయమన్న పిల్ల సంకల్పం గట్టిది. దాన్ని సరిగ్గా వాడుకుంటే పైకొస్తుందని మీ సారుకి చెప్పాలి. నువ్వు తిట్టిన తిట్టు చెవిలో చెప్పక్కర్లేదు. కాగితం మీద రాసి ఇవ్వు, తప్పులు దిద్ది ఇస్తాను.

ఒక జాగ్రత్త చెబుతాను, బాగా గుర్తుంచుకో. శుక్రవారం పదకొండింటికి గేటు దగ్గర ఉంటాను. నిన్ను సాగనంపడానికి ముప్ఫై తొమ్మిదిమందీ వరండాలో నిలబడతారు. మీ సారు నన్ను చూసి నోరు జారినా, నువ్వు జారకు. ఆ నిపుణురాలు నేనేనని తెలిస్తే తడి దుప్పట్లతో నా మీదకి వస్తారు. ఈ మోకాళ్ళతో నేను పరుగెత్తలేను. కాబట్టి ఎవరో దూరపు చుట్టాన్ని చూసినట్టు మర్యాదగా నమస్కారం పెట్టి, నెమ్మదిగా నడిచి గేటు దాటు.

దాటి, ఆ మలుపు తిరిగి, వాళ్ళకి కనపడనంత దూరం వచ్చాక, నీకు ఎంత గట్టిగా పిలవాలనిపిస్తే అంత గట్టిగా పిలువు.

నీ నానమ్మ